నత్తలదిబ్బ బడి దీపం

ఆగస్టు 4, సోమవారం

ఇవాళ్టి నుంచి తెలుగులో రాస్తాను. ఎవరికీ చూపించను.

నా చదువంతా ఇంగ్లీషులోనే నడిచింది. తెలుగంటే ఇంట్లో నాయనమ్మతో మాట్లాడటం, బస్సు బోర్డు చదవటం, అంతే. మొన్న ఎండాకాలం ఉప్పల్ లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చోవడానికి పోయి, చేతికందిన నిఘంటువు తెరిచాను. 'మునిమాపు' అన్న మాట కనబడింది. చీకటి పడబోయే వేళకు ఇంత చక్కటి పేరుందని ఎవరూ నాకు చెప్పలేదు. ఆ రోజు ఆటో ఎక్కకుండా చిల్కానగర్ దాకా నడిచి వచ్చాను, ఆ మాటనే అనుకుంటూ.

ఇంటర్న్‌షిప్ మొదలైంది. నాచారంలో మందుల ఫ్యాక్టరీ వెనక సందులో రేకుల షెడ్డు. సాయంత్రమైతే సందంతా ఘాటు వాసన. కరెంటు తీగ చేరని బళ్లకు ఇక్కడ సోలార్ సెట్లు తయారవుతాయి. యజమాని జనార్ధనరావు గారు రిటైరైన శాస్త్రవేత్త, మాది కాకినాడ అని మొదటి మాటలోనే చెప్పారు. బిగింపు పనులన్నీ ధర్మేందర్ అన్నవి, ఆయనది మల్లాపూర్. ఈసారి సెట్లు సముద్రం పక్కన ఉప్పునీటి సరస్సులో ఉన్న దీవులకు పోతాయి. మొదటిది నత్తలదిబ్బ అనే దీవిలోని బడికి. నీళ్ల మీదుగా వేసిన కరెంటు లైను ప్రతి తుఫానుకూ పడిపోతుంటే, చివరికి దాన్ని ఎత్తి నిలబెట్టడమే మానేశారట.

నత్తలదిబ్బ. ఈ మాటా నచ్చింది.

ఆగస్టు 6

సార్ నాకు పని ఇచ్చారు. సెట్టు ఎలా వాడుకోవాలో చెప్పే చార్టు తెలుగులో రాయాలి. బడి గోడకు అతికిస్తారు. 'నీకు తెలుగు పిచ్చి అని ధర్మేందర్ చెప్పాడు. రాయి, చూద్దాం' అన్నారు.

ఇంగ్లీషు కాగితంలో పది సూచనలున్నాయి. ప్యానెళ్లు తుడవాలి, బ్యాటరీ పెట్టె మీద తడి బట్టలు ఆరేయకూడదు, ఇలాంటివి. ఏడోది మాత్రం మొండికేసింది. మబ్బు రోజుల్లో బ్యాటరీ బాగా తగ్గిపోతే సెట్టు దానంతటదే ఆగిపోతుంది, మళ్లీ ఎండ వచ్చి నిండాకే వెలుగుతుంది. ఎన్ని రకాలుగా తిప్పి రాసినా ఆ వాక్యం కుంటుతోంది. కొత్త దీపం పెడుతూ ఆరిపోతుందని చెప్పటం అపశకునంలా కూడా ఉంది. అయినా అది పెట్టె తనకు తాను చేసుకునే పని. టీచరు చేయాల్సిందేమీ లేదు. తీసేశాను.

అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో, నా సొంత వాక్యం ఒకటి రాశాను.

ఈ బడి దీపం ఆరదు.

సార్ కళ్లద్దాలు పైకి తోసుకుని రెండుసార్లు చదివారు. బాగుందమ్మా అన్నారు. ధర్మేందర్ అన్న మాత్రం, 'కవిగారూ, కింద నా ఫోన్ నంబర్ గూడ ఏస్తవా, లేకుంటే ఏమన్న అయితే దీపాన్నే అడగాల్నా?' అన్నాడు. వేశాను.

ఆగస్టు 7

ఈ బడి దీపం ఆరదు. మెట్రో దిగుతూ పైకే అనేశాను. పక్కనున్నావిడ కాస్త జరిగి నిలబడింది.

ఆగస్టు 23

ధర్మేందర్ అన్న దీవి నుంచి వచ్చాడు. మొహం కమిలిపోయింది. పడవలో ప్యానెళ్లు పట్టుకుని కూర్చుంటే గాలి వాటితో పాటు తననూ లేపుకుపోతుందనుకున్నాడట. మూడు పూటలా చేపలే పెట్టారట. 'నాలుగోనాడు పప్పు అడిగితే, పానం బాగలేదా అని అడిగిన్రు' అన్నాడు.

బడికీ పడవల రేవుకూ మధ్య అడ్డమేమీ లేదు. వరండా బయట ఒక లైటు నీళ్ల వైపు తిప్పి పెట్టమని ఊరివాళ్లు అడిగారు. అది మా లెక్కలో లేని లైటు. రేవులో దిగేవాళ్లకు కాళ్ల కింద కనబడాలి కదా అని అన్న పెట్టేశాడు.

ఫోన్లో వీడియో చూపించాడు. రాజశ్రీ అనే పిల్ల, ఎనిమిదో తరగతి, గోడ మీది చార్టు గడగడా చదువుతోంది. ఆ బడిలో బాగా చదివేది ఆమేనట. గుమ్మం దగ్గర ఒకాయన లుంగీ ఎగ్గట్టి, తడికాళ్లతో లోపలికి రాకుండా నిలబడి వింటున్నాడు. వాళ్ల నాన్న. మొదటి వాక్యం వినగానే నవ్వాడు. మళ్లీ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ పిల్ల మళ్లీ చదివింది.

ఆ వీడియో నాకు పంపించుకున్నాను.

సెప్టెంబర్ 6

నత్తలదిబ్బ టీచర్ అరుణకుమారి గారు ధర్మేందర్ అన్న దగ్గర నా నంబరు తీసుకుందట, ఆమె వాయిస్ మెసేజ్‌లు గుంపుగా వచ్చాయి. ఆమె వారమంతా బడిలోనే ఒక గదిలో ఉంటుంది. శనివారం పడవెక్కి ఇవతలి ఒడ్డుకు వస్తుంది. దీవి మీద సిగ్నల్ రేవు చివర ఒక్కచోటే, అదీ బుద్ధి పుట్టినప్పుడు. అందుకని వారం మాటలన్నీ ఒకేసారి వస్తాయి.

పొద్దున ప్రార్థన అయ్యాక పిల్లలందరూ కలిసి నా వాక్యం చదువుతున్నారట. ఇంకొక సంగతి కూడా చెప్పింది. అక్కడ పడవ రావటం ఆలస్యమైతే, ఆ ఇంటి ఆడవాళ్లు రేవులో తాటాకులూ కంపా పోగేసి మంట పెట్టి, పడవ వచ్చేదాకా దాని పక్కనే కూర్చుంటారు. నీళ్ల మీదున్నవాళ్లకు అది గుర్తు. దాన్ని నెగడు అంటారు. టీచర్ గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకుంటున్నాను:

'ఇప్పుడు నెగడు మానేసినారు శిరీషా. లైటు ఉంది కదా, ఆరదని గోడ మీద రాసే ఉంది కదా అంటారు. ఆడవాళ్లు పొద్దుగూకుతానే పడుకుంటా ఉండారు. పోనీలే, వాళ్లకూ కాస్త నిద్ర.'

కొత్త మాట: నెగడు. ఎంత బాగుందో.

సెప్టెంబర్ 13

ఈ వారం మెసేజ్‌లలో ఒకటి రాజశ్రీది. టీచర్ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది. ఆరదు అని రాసింది మీరేనా అక్కా అని అడిగింది. వాళ్ల నాన్న ఇంట్లో అన్నం తింటూ కూడా ఆ మాట చెప్పించుకుంటాడట. నాకొక మాట ఇస్తావా అని అడిగితే రెండు ఇచ్చింది. నీళ్లు వచ్చేది పోటు, పోయేది పాటు. బదులుగా నేను మునిమాపు పంపించాను. ఆమెకు అది ముందే తెలుసు. వాళ్ల నాన్న రోజూ వాడే మాటేనట.

సెప్టెంబర్ 20

రెండో విడత పని మొదలైంది. మిగతా దీవుల బళ్లకు పంపాల్సిన సెట్లు షెడ్డులో తయారు చేసి ఉంచుతున్నాం. చార్టులు ప్రెస్సుకు వెళ్లాయి. సార్ నా వాక్యాన్ని బ్యానర్ మీద వేయించి షెడ్డు గేటుకు కట్టించారు. తాను చిన్నప్పుడు గోదావరి లంకలో, బుడ్డి దీపం దగ్గర చదువుకున్నానని, ఆ మసి ఇంకా ముక్కులో ఉన్నట్టుంటుందని చెప్పారు. అంత మెత్తగా ఆయన మాట్లాడటం ఇదే వినటం.

ఇంట్లో నాయనమ్మకు బ్యానర్ ఫోటో చూపించాను. చిక్కుడుకాయలు తుంచుతూ చూసింది.

'నీ పేరేది?'

పేరు వేయరు నాయనమ్మా అన్నాను.

'మల్ల ఆరిపోతే ఎవ్వల్ని అడగాలె?'

నేను నవ్వాను. ఆమె ఈనె తీసి పక్కన పడేసింది.

అక్టోబర్ 14

తీరం దగ్గర వాయుగుండమట. ఇక్కడా విడవకుండా వాన. ఉప్పల్ రింగురోడ్డులో బస్సు ఇంజను ఆగిపోయింది, నడుచుకుంటూ నాచారం చేరాను. ఎండ లేదు కాబట్టి షెడ్డులో ప్యానెళ్ల పరీక్ష లేదు. మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం.

అక్టోబర్ 18, శనివారం

మెసేజ్‌లు రాలేదు. పడవలు తిరగటం లేదేమో.

అక్టోబర్ 19

ధర్మేందర్ అన్న ఫోన్ చేశాడు. ఇంట్లో ఎవరున్నారని ముందు అడిగాడు.

రాజశ్రీ వాళ్ల నాన్న చనిపోయాడు.

బుధవారం ఆయనా, బావమరిదీ సరస్సు సముద్రంలో కలిసే చోటుకు వలకు వెళ్లారు. తిరిగి వస్తుంటే చీకటి పడింది. గాలి లేచి పడవ తిరగబడింది. బావమరిది, వల కట్టడానికి నీళ్లలో పాతిన గుంజ పట్టుకుని తెల్లారేదాకా నిలబడ్డాడు. ఈయన మర్నాడు మడచెట్ల వేళ్ల మధ్య దొరికాడు.

వీడియో తీసేద్దామని ఫోన్ తెరిచాను. తీయలేదు. చూడనూ లేదు.

అక్టోబర్ 20

దీపావళి. జ్వరమని చెప్పి పడుకున్నాను.

అక్టోబర్ 21

ఆ చార్టుకూ దీనికీ సంబంధం లేదు. వచ్చింది తుఫాను. గాలికి పడవ తిరగబడింది. లైటు లేనప్పుడు మాత్రం పడవలు మునగలేదా? మేము లైటు పెట్టినవాళ్లం, తీసినవాళ్లం కాదు. సంబంధం లేదు.

ఆ రాత్రి లైటు వెలుగుతోందో లేదో కూడా నాకు తెలియదు. అడగలేదు.

అక్టోబర్ 22

అడిగాను.

ధర్మేందర్ అన్న టీ తెచ్చి నా పక్కన పెట్టాడు, తాగమనలేదు. బావమరిది చెప్పింది చెప్పాడు. వాళ్లు బడి లైటు చూసుకుంటూనే పడవ నడిపారు. సగం దూరం వచ్చాక అది పోయింది.

'ఇగ వస్తది, ఆరదు గద అనుకుని తెడ్లు ఆపి కూసున్నరంట. గాలి పడవను తిప్పేసింది. మల్ల ఏ దిక్కు దిబ్బనో తెల్వలే.'

ఆగారు. వెనక్కి తిరగలేదు, గుంజలు వెతుక్కోలేదు. వస్తుందని ఆగారు.

టీచర్ గారు పెట్టె మీటరు ఫోటో పంపించింది. మూడు రోజులు మబ్బు, పైగా లెక్కలో లేని ఆ లైటు. బ్యాటరీ తగ్గింది. పెట్టె తను చేయాల్సిన పని చేసింది, అన్నీ ఆపేసింది. ఏడో సూచన. రేవులో నెగడు లేదు. ఆయన భార్య ఇంట్లో పడుకుని ఉంది, లైటు ఉంది కదా అని.

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. ఇన్నాళ్లూ 'నా వాక్యం' అని రాసుకున్నాను. నిన్న మాత్రం 'ఆ చార్టు' అని రాశాను.

అక్టోబర్ 24

టీచర్ గారి మెసేజ్. గాలి హోరులో మాటలు తెగి తెగి వస్తున్నాయి.

'లైటు దానంతటదే ఆరిందంటే ఎవురూ నమ్మట్లేదు శిరీషా. ఆరదని గోడ మీద ఉంది. పెట్టె తాళం నా కాడ ఉంది. బడికి కరెంటు మిగుల్చుకుందామని నేనే ఆపేసినానంట. పిల్లలను పంపించట్లేదు. పడవ ఎక్కించుకోవట్లేదు, ఇంటికి పోదామన్నా దారి లేదు. నాకు నీళ్లు తెచ్చిచ్చే బిందె కూడా ఎవురూ ముట్టట్లేదు. ఇన్నేళ్లు వాళ్ల మధ్యనే ఉండా. రాజశ్రీ వాళ్లమ్మ నన్ను చూసి తలుపేసుకునింది.'

తర్వాత చాలాసేపు గాలి మాత్రమే. ఆపేసిందనుకున్నాను. చివర్లో మళ్లీ గొంతు వచ్చింది.

'నేను ఆపలేదు. నీకు తెలుసు కదా.'

నాకు తెలుసు. అక్కడ నమ్మకం నా అక్షరాల మీద ఉంది, ఆమె మీద లేదు.

అక్టోబర్ 25

సార్ దగ్గరికి వెళ్లాను. అప్పటికే ఆయన, ఈ సెట్లు మంజూరు చేసే ప్రభుత్వ ఆఫీసుకు ఇంగ్లీషులో లేఖ రాసి ఉంచారు. రక్షణ ఏర్పాటు ఉద్దేశించిన విధంగానే పనిచేసింది అని. అందులో అబద్ధం ఒక్కటీ లేదు.

దిబ్బ మీద దీన్ని ఎవరు చదువుతారు సార్ అని అడిగాను.

ఎవరూ చదవరు అన్నారు. సోమవారం ఆ ఆఫీసు అధికారులు వస్తారని, రెండో విడతకు సంతకం అప్పుడేనని చెప్పారు. తర్వాత గొంతు తగ్గించి అన్నారు, 'మన లైటు మూలంగా మనిషి పోయాడని మనమే చాటుకుంటే మిగతా దీవుల్లో ఒక్క బడికీ పెట్టనివ్వరమ్మా. ఆ పిల్లలు బుడ్డి దీపాల దగ్గరే ఉండిపోతారు. వాళ్లేం చేశారు? ఒక్క వారం ఆగు. నేనే స్వయంగా వెళ్లి చెప్తాను.'

ఆయన తనకోసం అడగటం లేదు. ఆ మసి సంగతి నాకు గుర్తుంది. కానీ ఆ బిందె కూడా గుర్తుంది.

'వారం దాంక టీచర్ గారు ఆడ ఎట్ల ఉండాలె సార్?' అన్నాను. సార్ ముందు ఎప్పుడూ ఇంట్లో మాట మాట్లాడలేదు. వచ్చేసింది.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. అవి లేకుండా ముసలివారిలా కనిపించారు.

'చార్టు నేనూ చదివాను. బాగుందన్నాను' అన్నారు. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు.

బయట ధర్మేందర్ అన్న గేటుకున్న బ్యానర్ ముడులు విప్పుతున్నాడు. ఇకనుంచి బయటి లైటుకు వేరే చిన్న ప్యానెలు, వేరే బ్యాటరీ పెడతానన్నాడు. 'అయినా అది గూడ ఆరదని ఎవ్వలికి జెప్పకు తల్లీ. ఎప్పుడో ఒకనాడు ఆరుతది.'

అక్టోబర్ 26

ఏం చెప్పాలో రాసుకున్నాను. నాలుగు పేజీలు వచ్చాయి. చదువుకుంటే బాగుంది, అందులో 'కడలి ఒడి' కూడా ఉంది. చించేశాను.

నాయనమ్మకు మొత్తం చెప్పాను. జ్వరం అబద్ధమని ఆమెకు ముందే తెలుసట. విని, చాలాసేపు నా తల దువ్వుతూ కూర్చుంది. చిక్కులన్నీ పోయాక కూడా దువ్వుతూనే ఉంది.

'జెప్పేటప్పుడు ఏడ్వకు బిడ్డా' అంది చివరికి. 'నువ్వేడిస్తే, గా తల్లే నిన్ను ఊకోవెట్టాలె.'

అక్టోబర్ 27

మధ్యాహ్నం. అధికారులు ముందు గదిలో ఉన్నారు. నేను ఫోన్ పట్టుకుని వెనక తలుపులోంచి సందులోకి పోవటం సార్ చూశారు. ఆపలేదు.

పొద్దున్నే టీచర్ గారికి మెసేజ్ పెట్టాను. ఊరివాళ్లను రేవు చివరికి ఎలా రప్పించిందో, ఎంత బతిమాలిందో నాకు తెలియదు. ఫోన్ స్పీకర్లో పెట్టింది. అందరూ ఉండారు, చెప్పు అంది.

చెప్పాను. బ్యాటరీ తగ్గితే ఆ పెట్టె దానంతటదే లైటు ఆపేస్తుంది. టీచర్ గారు ఆపలేదు. ఆ సంగతి ఇంగ్లీషు కాగితంలో ఉంది, తెలుగులో రాసేటప్పుడు తీసేసింది నేను. ఆరదు అని రాసింది కూడా నేనే. అది నిజం కాదు. నా పేరు శిరీష.

అటు నుంచి గాలి, ఎక్కడో నీళ్లు పడవకు కొట్టుకునే చప్పుడు. మా సందులో ఒక లారీ వెనక్కి వస్తోంది. ఫోన్ చెవికి అదిమి పట్టుకున్నాను.

అప్పుడు ఒక ఆడమనిషి గొంతు, నెమ్మదిగా. 'నువ్వు ఈ దిబ్బ చూసినావా?'

లేదన్నాను.

'రేత్రిపూట నీళ్ల మీద ఉన్నావా ఎప్పుడన్నా?'

లేదన్నాను.

ఆమె తిట్టలేదు. తిడుతుందనే అనుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె పక్కవాళ్లతో అంది, 'టీచరమ్మను కూసోబెట్టండి. అట్టా నిలబెట్టినారేంది, ఆమె ఏం చేసింది?' ఎవరో కదిలిన చప్పుడు. టీచర్ గారు ఏదో అనబోయి ఆగిపోయింది. ఆమె ఏడుపు నాకు వినిపించింది.

రాజశ్రీ వాళ్లమ్మ మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

'మా ఆయనకు సదువు రాదమ్మా. ఆ గోడ మీదుండేది పాపే సదివి చెప్పింది. ఆయన పోయిన కాణ్ణించి పాప పుస్తకం ముట్టలా. నేను తప్పు సదివినా, అందుకే నాయన పోయినాడు అంటది. నా మాట వినదు. నువ్వు చెప్పు.'

ఫోన్ చేతులు మారింది. చిన్న ఊపిరి వినబడింది.

రాజశ్రీ, అన్నాను.

'ఊ.'

'నువ్వు సరిగ్గానే చదివినవ్. నేను రాసిందే తప్పు.'

నేను ఏడవకుండా పళ్లు బిగించుకుని నిలబడ్డాను. తర్వాత ఆ పిల్ల, తరగతిలో లేచి అర్థం కాని లెక్క అడిగినట్టు అడిగింది.

'దానంతటదే ఆగిపోతుంది అని ఉంటే, అది కూడా నాయనకు చదివి చెప్పేదాన్ని కదక్కా?'